లైకెన్ వన్నె రెక్కలు: మెదక్ చుట్టుపక్కల మాత్‌లు, వాటి గొంగళి పురుగులు

రాతి మీదా చెట్టు బెరడు మీదా పొక్కులు కట్టినట్టు పెరిగే లైకెన్ రంగుల్నే రెక్కల మీద మోసే రాత్రి సీతాకోకలు కొన్ని ఉన్నాయి. బూడిద, పాచి పచ్చ, మాసిన తెలుపు, మధ్యలో సన్నటి నల్ల అంచులు వాటి రంగులు. వీటిని ఇక్కడ లైకెన్ వన్నె మాత్‌లు అంటున్నాం. అది జాతి పేరు కాదు, కుటుంబం పేరూ కాదు, ఒక వేషం పేరు. ఒకదానికొకటి చుట్టరికం లేని ఎన్నో కుటుంబాల పురుగులు ఈ వేషం కట్టాయి. ఇవి కాక, లైకెన్‌ను తిని బతికే మాత్‌లు వేరే ఉన్నాయి. చిత్రమేమిటంటే వాటిలో చాలావాటి రెక్కలు లైకెన్‌ను పోలి ఉండవు. లైకెన్ కట్టుకునేవి వేరు, లైకెన్ తినేవి వేరు అన్న ఒక్క సంగతి పట్టుబడితే గుర్తింపులో పెద్ద ముడి విడిపోయినట్టే.

మెదక్ పట్టణం ఈ పురుగులను చూడటానికి వీలైన చోటు. ఖిల్లా ఉన్న గుట్ట గ్రానైటు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన పెద్ద చర్చి గ్రానైటు. ఊరి చుట్టూ పొలాల మధ్య నిలబడ్డ బండలూ గ్రానైటే. పట్టణానికి దగ్గర్లోనే పోచారం చెరువు, దాన్ని ఆనుకుని 1952లో ప్రకటించిన అభయారణ్యం, అందులో ఆకురాల్చే అడవి, టేకు. నర్సాపూర్ వైపు మరో అడవి. వరి, మక్క, పత్తి పొలాల పురుగులు, అడవి పురుగులు, పెరటి పూలచెట్ల పురుగులు వానాకాలంలో ఒకే వీధి దీపం కింద చేరతాయి.

పేర్ల తకరారు

మాత్‌కు తెలుగులో అందరూ ఒప్పుకున్న ఒక్క మాట లేదు. చిమ్మట అంటే కొందరికి బట్టలు కొరికే పురుగు, కొందరికి చెట్టెక్కి అరిచే పురుగు. దీపం పురుగు అంటే దీపానికి వచ్చే ప్రతిదీ. వ్యవసాయ శాఖవాళ్ళు మాత్రం రైతుతో రెక్కల పురుగు అనో, తల్లి పురుగు అనో అంటారు. గుడ్లు పెట్టేది అదే కనక తల్లి పురుగు అన్న మాట పొలంలో సూటిగా పనిచేస్తుంది. ఈ వ్యాసంలో మాత్ అనే మాటే వాడుతున్నాం.

పిల్ల దశకు పేర్లు పుష్కలం. ఒంటినిండా నూగు ఉంటే గొంగళి పురుగు, కొన్ని సీమల్లో కంబళి పురుగు. గొర్రె బొచ్చు గొంగడి కప్పుకున్నట్టుంటుందని ఆ పేరు. కురుమలు గొంగళ్ళు నేసిన మెతుకు సీమలో, అంటే ఈ మెదక్ ప్రాంతంలో, దీన్ని ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. నూగు లేకుండా నున్నగా ఉండి ఆకు మేసేదాన్ని లద్దె పురుగు అంటారు. ఆముదం మీద నడుం ఎత్తి ఎత్తి నడిచేది దాసరి పురుగు. ఈ పేర్లు శాస్త్రవేత్తల వర్గీకరణలు కాకపోయినా ఆషామాషీవి కావు. నూగు, నడక, మేసే మొక్క ఈ మూడింటినీ పట్టుకునే జనం పేర్లు పెట్టారు. గొంగళి పురుగును గుర్తించేటప్పుడు నిపుణులు మొదట చూసేవీ అవే.

రాతిపువ్వు

లైకెన్ అంటే ఏమిటో తెలియదనుకునే తెలుగువాళ్ళు కూడా దాన్ని తినే ఉంటారు. బిర్యానీ మసాలాలో నల్లగా, ముడుచుకుపోయిన ఎండాకులా కనిపించే రాతిపువ్వు ఒక లైకెనే. పార్మోట్రీమా అనే ఆకు రకపు లైకెన్‌ను కొండ అడవుల్లో గీకి, ఎండబెట్టి అమ్ముతారు. లైకెన్ ఒక మొక్క కాదు. శిలీంధ్రమూ శైవలమూ కలిసి చేసే కాపురం. శైవలం ఎండను పట్టి తిండి తయారుచేస్తుంది, శిలీంధ్రం ఇల్లు కట్టి తేమను నిలుపుతుంది. కొన్నిట్లో శైవలం స్థానంలో సయనోబాక్టీరియా ఉంటాయి.

మెదక్ బండల మీద కనిపించేవి ఎక్కువగా పెచ్చు రకం. గోటితో గీకినా ఊడిరావు, రాయికి పూసిన సున్నంలా ఉంటాయి. ఎండాకాలంలో బూడిదరంగుకు తిరిగి చచ్చినట్టు పడి ఉండి, మొదటి వానకు పచ్చదనం తెచ్చుకుంటాయి. ఏడాదికి మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో పెరిగేవి ఉన్నాయి కనక అరచేయంత మచ్చ వెనక ఎన్నో ఏళ్ళ వయసు ఉంటుంది. గాలిలో గంధకపు పొగ ఎక్కువైతే ముందుగా చనిపోయేవాటిలో లైకెన్లు ఉంటాయి. ఈ చివరి సంగతితో మాత్‌ల చరిత్రకు గట్టి ముడి ఉంది.

పగటి కోటు

లైకెన్ వన్నె రాత్రి కోసం కాదు. రాత్రివేళ మాత్‌ను వేటాడే గబ్బిలం చెవితో వేటాడుతుంది, రెక్క మీద ఏ రంగు ఉన్నా దానికి ఒకటే. ఈ వేషం పగలు నిద్రపోయే పన్నెండు గంటల కోసం. బెరడు మీదో బండ మీదో కదలకుండా అతుక్కున్న మాత్‌ను పొద్దున వెతికేది పిట్ట. పిట్ట కన్ను వెతికేది రెక్క అంచు గీత. లైకెన్ మచ్చలు చేసే పని ఆ గీతను ముక్కలు చేయడమే. ఒక తెల్ల మచ్చ రెక్క మధ్యలో మొదలై అంచు దాకా పోయి అక్కడ తెగిపోతే, రెక్క ఎక్కడ ముగిసి రాయి ఎక్కడ మొదలైందో తెలియదు.

ఈ సంగతిని ప్రపంచానికి చూపించిన పురుగు దక్కన్‌ది కాదు, ఇంగ్లండుది. పెప్పర్డ్ మాత్ అని పిలిచే బిస్టన్ బెటులేరియా తెల్ల రెక్కల మీద మిరియప్పొడి చల్లినట్టు ఉంటుంది. లైకెన్ పట్టిన చెట్టు మీద కనిపించదు. 1848లో మాంచెస్టర్‌లో దాని నల్ల రూపం దొరికింది. మిల్లుల పొగకు లైకెన్ చచ్చి చెట్ల మానులు మసిబారుతుంటే నల్లవి పెరిగి, 1895 నాటికి ఆ ఊళ్ళో నూటికి 98 నల్లవే అయ్యాయి. 1956 తరవాత పొగ మీద చట్టాలు వచ్చి గాలి తేటపడ్డాక తెల్లవి తిరిగి వచ్చాయి. పిట్టలే కారణమని చూపుతూ 1950ల్లో బెర్నార్డ్ కెటిల్‌వెల్ చేసిన ప్రయోగాల మీద తరవాత చాలా తగువు నడిచింది. మైఖేల్ మజెరస్ 2001 నుంచి 2007 దాకా 4,864 మాత్‌లతో మళ్ళీ పరీక్షించి, పిట్టలు ఏరుకు తినడమే కారణమని తేల్చాడు. నల్లరంగుకు మూలమైన మార్పు కార్టెక్స్ అనే జన్యువులో ఉందని 2016లో తెలిసింది. 1819 ప్రాంతంలో జన్యు పదార్థపు ముక్క ఒకటి వచ్చి అక్కడ దూరిందని లెక్కగట్టారు.

ఈ మార్పు వేగాన్ని మొదట లెక్కల్లో పెట్టినవాడు జీవశాస్త్రవేత్త జె. బి. ఎస్. హాల్డేన్, 1924లో. మెదక్ చర్చి తలుపులు తెరుచుకున్నదీ ఆ ఏడే, అది కేవలం కాకతాళీయం. అంత వేగంగా మారాలంటే నల్లవి తెల్లవాటికంటే ఒకటిన్నర రెట్లు సంతానాన్ని మిగుల్చుకుని ఉండాలని ఆయన లెక్క. అప్పట్లో ఎవరూ ఊహించనంత పెద్ద అంకె అది. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. తన శరీరాన్ని చదువుకు వాడుకోమని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చాడు. మాత్ రెక్క మీది మచ్చల కథ అలా గోదావరి జిల్లాకు చేరింది. ఆ జిల్లా ప్రస్తావన చివర్లో మళ్ళీ వస్తుంది.

రెక్క ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మాత్ కనిపించగానే అందరూ ముందు రెక్కల రంగు చూస్తారు. లైకెన్ వన్నె వాటి విషయంలో అది అన్నిటికన్నా చివర చూడాల్సిన గుర్తు. ఒకే జాతిలో ఒకటి ముదురుగా, ఒకటి లేతగా ఉంటుంది. పొలుసులు రాలిన ముసలి మాత్ వేరే జాతిలా కనిపిస్తుంది. మాత్ రెక్కను వేలితో తాకితే అంటుకునే పొడి ఆ పొలుసులే, రంగంతా వాటిలోనే ఉంటుంది. రెండు రాత్రులు దీపానికి కొట్టుకున్న పురుగుకు సగం రంగు ఊడిపోతుంది.

ముందుగా చూడాల్సింది అది వాలిన తీరు. రెక్కలు నాలుగూ బల్లపరుపుగా పరిచి గోడకు అంటించిన కాగితంలా ఉంటే, జానలు కొలిచినట్టు నడిచే పురుగుల కుటుంబమైన జియోమెట్రిడే అయ్యే అవకాశం ఎక్కువ. ముందు రెక్కలు గుడిసె కప్పులా వాల్చి వెనక రెక్కలను దాచేస్తే నాక్టువిడే, ఎరెబిడే బంధువులను అనుమానించాలి. రెక్కలు సన్నగా, వెనక్కి లాగి, ఒళ్ళు బరువుగా, ముక్కు మొనగా విమానంలా ఉంటే హాక్ మాత్. రెక్కలను ఒంటికి చుట్టుకుని పుల్లలా, లేదా గుమ్మం దగ్గర నిలబడ్డ బంట్రోతు పొడుగు కోటులా ఉంటే లైకెన్ తినే తెగ.

రెండోది వెనక రెక్క. వెనక రెక్కలను దాచి వాలేవాటిలో వేషమంతా ముందు రెక్కలదే, వెనక రెక్కలు అసలు రంగు దాచుకోవు. టేకు ఆకు తినే పురుగు తల్లి, హైబ్లియా ప్యూరా, వాలినప్పుడు ఎండు బెరడు ముక్క. రెక్క కాస్త తెరిస్తే లోపల నలుపు, నారింజ. ఆముదం దాసరి పురుగు తల్లి అకియా జనాటాకు ముందు రెక్కలు గోధుమ, బూడిద గీతల చిందరవందర. వెనక రెక్క మాత్రం కారునలుపు, మధ్యలో తెల్లపట్టీ, అంచున తెల్ల మచ్చలు. ఈ రెండో గుర్తు దొరికితే ఇక సందేహం అక్కర్లేదు. ఫోటో తీసేవాళ్ళు వెనక రెక్క కూడా తీయకపోతే నిపుణుడు కుటుంబం పేరు దగ్గరే ఆగిపోయేది అందుకే.

మూడోది మీసాలు. మగవాటికి చాలా కుటుంబాల్లో ఈకల్లా చీలి ఉంటాయి, ఆడవాసన పట్టేది వాటితోనే. పత్తి చేలో, కంది చేలో పెట్టే లింగాకర్షక బుట్టలు పనిచేసేది ఈ మీసాల పుణ్యమే. పక్కనున్న పటాన్‌చెరువులో 1972లో మొదలైన ఇక్రిశాట్‌లో శనగపచ్చ పురుగు తల్లుల లెక్కకు దీపపు ఎరలు, ఈ బుట్టలు రెండూ వాడారు.

గన్నేరు మీది పాచి రంగు

మెదక్ లాంటి పట్టణంలో పాచి పట్టిన రెక్కల మాత్ అంటూ ఎవరైనా ఫోటో తెస్తే, ముందుగా అనుమానించాల్సింది గన్నేరు హాక్ మాత్‌ను. డాఫ్నిస్ నెరీ దాని శాస్త్రనామం. లినేయస్ 1758లో పెట్టాడు. రెక్కల కొస నుంచి కొసకు దాదాపు 10 సెంటీమీటర్లు. ముదురు పచ్చ, లేత పచ్చ, గులాబి కలిసిన తెలుపు పట్టీలు పాలరాయి మీద గీతల్లా అల్లుకుని ఉంటాయి. ముందు రెక్క మొదట్లో లేతరంగు మీద ఒక నల్లటి చుక్క, కన్ను తెరిచినట్టు. లైకెన్ పట్టిన కొమ్మ మీదకన్నా ఆకుల గుబురులో ఇది ఎక్కువ కలిసిపోతుంది. అయినా పచ్చని రంగు చూసి లైకెన్ మాత్ అనుకోవడం మామూలే.

దాని గొంగళి పురుగును వెతకడానికి అడవికి పోనక్కర్లేదు. పెరట్లో గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు ఏది ఉన్నా చాలు. మొదట దొరికేది పురుగు కాదు, పెంట. నందివర్ధనం కింద గచ్చు మీద మిరియపు గింజంత ముదురు పచ్చ ఉండలు పడి ఉంటాయి. వాటికి గాడులు తీసినట్టు పొడుగు గీతలుంటాయి. సరిగ్గా వాటి పైన తలెత్తి చూస్తే ఆకు ఈనె మాత్రమే మిగిలిన రెమ్మ, దాని పక్క రెమ్మకు తలకిందులుగా వేలాడుతూ బొటనవేలంత లావు పచ్చ పురుగు. ఒళ్ళంతా నున్నగా, పక్కన తెల్లగీత, దాని చుట్టూ పిండి చిలకరించినట్టు తెల్ల చుక్కలు. తోక మీద పొట్టి పసుపు కొమ్ము. ముట్టుకుంటే తల లోపలికి లాక్కుంటుంది. అప్పుడు మెడ దగ్గరి చర్మం ఉబ్బి, అందాకా దాచుకున్న రెండు నీలి కళ్ళు తెరుచుకుంటాయి. నల్ల అంచుతో నీలి తెలుపు, పాము కళ్ళలా. అవి కళ్ళు కావు, చర్మం మీది బొమ్మలు. అసలు కళ్ళు తల పక్కన ఆవగింజకన్నా చిన్నవి. ఈ సంగతి తెలిసినవాడు కూడా మొదటిసారి చేయి వెనక్కి తీసుకుంటాడు.

చిన్న పురుగుకు కొమ్ము నల్లగా, ఒంటికి మించిన పొడుగులో ఉంటుంది. పెద్దదయ్యేకొద్దీ పొట్టిదై పసుపుకు తిరుగుతుంది. అందుకే ఒకే కొమ్మ మీద దొరికిన చిన్నదాన్నీ పెద్దదాన్నీ రెండు జాతులనుకునేవాళ్ళున్నారు. మేత ముగిశాక పచ్చదనం పోయి వీపు ఊదా గోధుమలోకి మారుతుంది. అప్పుడు చెట్టు దిగి ఎండుటాకుల కిందికి పోతుంది. గచ్చు మీద రంగు చెడిన పురుగు పాకుతుంటే జబ్బు చేసిందని అనుకోనక్కర్లేదు. గన్నేరు ఆకు మనిషికీ పశువుకూ విషం, ఈ పురుగుకు కాదు. తల్లి పురుగు గట్టి ప్రయాణికురాలు, వేసవిలో మధ్యధరా సముద్రం దాటి యూరప్ ఉత్తరం దాకా పోయినవి నమోదయ్యాయి.

దీంతో పొరబడే మరో హాక్ మాత్ సైలోగ్రామా. బూడిద రెక్కల మీద నల్లటి సన్న గీతలు, అచ్చం పగిలిన బెరడు. ఆకాశమల్లె చెట్లున్న వీధుల్లో దీని పురుగు వస్తుంది. పచ్చటి ఒళ్ళు, పక్కన ఏటవాలు చారలు, గరుకు కొమ్ము. కంటి బొమ్మలు ఉండవు. అదే తేడా.

లైకెన్ తినేవాళ్ళు

ఎరెబిడే కుటుంబంలో లిథోసియిని అనే తెగ ఉంది. ప్రపంచంలో 3,000కు పైగా జాతులు. ఈ తెగ పురుగులు లైకెన్‌ను, దానితోపాటు బెరడు మీది శైవలాన్ని గీకి తింటాయి. రాతి పెచ్చును నమలడం తేలిక కాదు. వీటి దవడ లోపలి వైపు తిరగలి రాయిలాంటి నూరే గడ్డ ఉంటుంది. ఈ తెగకు అదే ఆనవాలు. తిన్న లైకెన్‌లోని చేదు పదార్థాలను కొన్ని జాతులు ఒంట్లో నిలవ చేసుకుని, రెక్కలొచ్చాక కూడా మోస్తాయి. చేదు ఒళ్ళున్న పురుగు దాక్కోనక్కర్లేదు. అందుకే వీటిలో చాలా జాతులు పసుపు, ఎరుపు, తెలుపు మీద నల్లచుక్కలతో దూరం నుంచే కనిపించే రంగులు కట్టుకున్నాయి. లైకెన్ తినేది లైకెన్‌లా ఎందుకుండదన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఇదే.

సయానా ప్రజాతి చూడండి. తెల్లటి రెక్కల మీద ఎర్రటి అడ్డగీతలు, మధ్యన నల్ల చుక్కలు, పండగ చీర అంచులా ఉంటుంది. డ్రూరీ 1773లో పేరు పెట్టిన సయానా ప్యూయెల్లా మన దేశంలో విస్తారంగా ఉంది. దాని గొంగళి పురుగు చేసే పనికి సాటి మరొకటి లేదు. ప్యూపా కట్టే సమయానికి ఒంటి మీది పొడుగు వెంట్రుకలను తానే పీక్కుని, పట్టుదారంతో అడ్డంగా నిలువుగా కుట్టి, తన చుట్టూ ఒక పంజరం అల్లుతుంది. పట్టుకాయలా మూసుకుపోయిన గూడు కాదు, ఈగకన్నా చిన్న కన్నాలున్న జల్లెడ. మధ్యలో ప్యూపా గాలిలో వేలాడుతుంటుంది. చీమ నడిచివస్తే పంజరం మీదే ఆగిపోతుంది. గోడ మూలన, బండ నీడవైపున, అర బొటనవేలంత ఖాళీ పంజరం దొరికితే మాత్ ఎగిరిపోయినా జాడ దొరికినట్టే.

బ్రూనియా ఆంటికా ఇదే తెగది. సయానా అంత సొగసు లేదు. పసుపు బూడిద రంగు, సన్నటి ఒళ్ళు, రెక్కలు చుట్టుకుని గడ్డిపరకలా వాలుతుంది. దీపం కింద పదులు చేరినా ఎవరూ పట్టించుకోరు. ఈ తెగను దగ్గరి బంధువులైన టైగర్ మాత్‌ల నుంచి వేరుచేయడానికి పాతకాలం నుంచీ వాడే గుర్తు తల మీద ఉంది. పెద్ద కళ్ళ వెనక ఉండే చిన్న సరళ నేత్రాలు వీటికి ఉండవు. చేతి భూతద్దంతో చూడొచ్చు, కానీ పురుగు కదలకుండా ఉండాలి.

పురుగును చదవడం

గొంగళి పురుగుకు ముందు మూడు జతల గట్టి కాళ్ళు ఉంటాయి. అవి కీటకానికి అసలైన కాళ్ళు. కడుపు కింద కండతో చేసిన పొట్టి కాళ్ళు వేరు, వాటి అంచున సన్నటి కొక్కేలు. ఈ కడుపు కాళ్ళ లెక్కే పురుగు ఇంటిపేరు. నాలుగు జతలూ, తోక దగ్గర ఒక జతా ఉంటే చాలా కుటుంబాలు సరిపోతాయి. మధ్యవి మాయమై చివర రెండు జతలే ఉంటే జియోమెట్రిడే. మధ్యన కాళ్ళు లేవు కనక ఒంటిని విల్లులా వంచి జాన వేస్తుంది. ఒకటో రెండో జతలు మాత్రమే తగ్గితే సగం విల్లు, అది దాసరి పురుగు నడక. ఆరు జతలో అంతకన్నా ఎక్కువో ఉంటే అసలు మాత్ పురుగే కాదు, కందిరీగల దూరపు బంధువైన రంపపు ఈగ పిల్ల.

పురుగు రంగును అసలు నమ్మకూడదు. దాసరి పురుగులు ఒకే ఆముదం ఆకు మీద బూడిదవి, ఎర్రవి, నల్లచారలవి కనిపిస్తాయి. పెప్పర్డ్ మాత్ పిల్ల కూడా కూర్చున్న పుల్ల రంగుకు మారుతుంది. 2019లో ప్రచురితమైన ప్రయోగంలో దాని కళ్ళకు నల్లరంగు పూసినా సరైన రంగుకే మారింది. చర్మమే రంగును పసిగడుతోందన్నమాట.

లైకెన్ పట్టిన మాను మీద మెదక్ ప్రాంతంలో కనిపించే గొంగళి గుంపుల్లో పేరుమోసింది మునగది, యూప్టెరోట్ మొల్లిఫెరా. వానల్లో మునగ మాను మీద వందల పురుగులు ఒకదానిమీదొకటి పడుకుని, దూరానికి మానుకు బొచ్చు పట్టినట్టుంటాయి. రాత్రి ఎక్కి ఆకు మేస్తాయి. నూగు తగిలితే దద్దురు, దురద. రుద్దితే విరిగిన ముళ్ళు లోపలికి పోతాయి. అంటుకునే టేపు వేసి పీకి, సబ్బుతో కడగడం మేలు. తల్లి పురుగు పసుపు గోధుమ రంగులో పెద్దదే గాని లైకెన్ వన్నెది కాదు. పిల్ల మానును పోలి ఉన్నంత మాత్రాన తల్లీ అలా ఉండాలని లేదు.

తుమ్మ, రేగు కొమ్మల మీద మరో మాయగాడు ఉంటాడు. స్ట్రెబ్లోట్ శివ పిల్ల, బూడిదరంగు, చప్పిడి ఒళ్ళు. పక్కలనుంచి నూగు కుచ్చులు కిందికి దిగి కొమ్మకు అతుక్కుంటాయి. దాంతో పురుగు కింద నీడ పడదు. నీడ లేకపోతే లావు తెలియదు. కొమ్మకు కణుపు ఒకటి ఎక్కువైనట్టు ఉంటుంది, అంతే. వేలితో కొమ్మ తడుముకుంటూ పోతే మెత్తగా తగిలినప్పుడు తెలుస్తుంది.

బెరడు మీద పొట్టు, పెంట కలిపి పట్టుతో అంటించిన పొడుగాటి మాసిన పట్టీ కనిపిస్తే అది లైకెన్ కాదు. జామ, మామిడి, మునగ మానుల్లో కొమ్మ పంగ దగ్గర కన్నం చేసుకుని ఉండే బెరడు తినే పురుగు, ఇండర్బెలా క్వాడ్రినోటాటా, రాత్రి మేతకు వేసుకున్న కప్పుదారి. పట్టీని వేలితో చీల్చితే చివరన కన్నం దొరుకుతుంది. తుమ్మకు వేలాడే చిన్న కట్టెల మోపు, సమానంగా కత్తిరించి పేర్చిన పుల్లలతో, యూమెటా క్రామెరి ఇల్లు. పిల్ల లోపలే పెరుగుతుంది. ఆడదానికి రెక్కలు రావు, బతుకంతా ఆ మోపులోనే.

అడవిలో మాత్రం చెట్టే సగం జవాబు. పోచారం వైపు తొలివానల తరవాత టేకు లేతాకు అంచు మడిచి కుట్టి ఉంటే హైబ్లియా. ఆకు రూపం అలాగే ఉండి ఈనెల మధ్య మెత్తనంతా పోయి జల్లెడలా మిగిలితే అది వేరే పురుగు, యూటెక్టోనా మకెరాలిస్. ఒకటి మానుకు కొత్త ఆకును మిగల్చదు, రెండోది వానలు తగ్గేవేళ పాత ఆకును తోలులా చేసి వదులుతుంది. చెట్టు చావదు గాని ఆ ఏటి పెరుగుదల పోతుంది.

పుస్తకాల్లోకి ఎలా ఎక్కాయి

మన తీరపు కీటకాలు యూరప్ పుస్తకాల్లోకి ఎక్కింది యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ వల్ల. లినేయస్ శిష్యుడు, 1768లో తరంగంబాడికి వచ్చాడు. ఆయన పంపిన కీటకాలకు ఫాబ్రీషియస్ పేర్లు పెట్టాడు. 1785లో కోనిగ్ కాకినాడ జగన్నాథపురంలో విరేచనాల జబ్బుతో పోయాడు, దగ్గరున్న వైద్యుడు సామర్లకోటలో మొక్కలు పెంచిన విలియం రాక్స్‌బర్గ్. రంగరాయ కళాశాలకు చేరిన హాల్డేన్ శరీరానికీ, ఈ చావుకూ మధ్య 179 ఏళ్ళు. ఊరు ఒక్కటే.

తరవాత జార్జ్ హాంప్సన్ 1892 నుంచి 1896 దాకా భారత మాత్‌ల మీద నాలుగు సంపుటాలు రాశాడు. రెక్కల నరాల గీతలు, కాళ్ళ ముళ్ళు, మీసాల ఆకారం పట్టుకుని జాతులను విడదీసే ఆయన పట్టికలు ఇప్పటికీ పనికొస్తాయి, పేర్లలో మాత్రం సగం మారిపోయాయి. హైదరాబాద్‌లో భారత జంతు సర్వేక్షణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడి సేకరణతో పోల్చి చూడటం ఒక దారి. ఇప్పటి మరో దారి డీఎన్‌ఏ బార్‌కోడు. 2003 నుంచి వాడుకలో ఉన్న ఈ పద్ధతిలో ఒక జన్యువులోని 658 అక్షరాల ముక్కను చదివి పోలుస్తారు. ఒక కాలు చాలు. రెక్కలతో తేలని జంట జాతులను, జననాంగాలు విప్పి చూసే పని లేకుండా, ఇది విడదీస్తుంది. భారతదేశంలో మాత్‌లు 10,000 జాతులకు పైమాటే కనక, పేరు తెలియకుండా మిగిలిపోవడం ఎవరికీ నామోషీ కాదు.

పెంచి చూడటం

అన్నింటికన్నా నమ్మకమైన గుర్తింపు పెంపకం. పిల్లనూ తల్లినీ ఒకే పేరు కింద చేర్చే కంటి సాక్ష్యం అదొక్కటే, ఫోటోలు ఎన్ని ఉన్నా దానికి సాటిరావు. వెడల్పు మూతి సీసా, మూతికి పల్చటి గుడ్డ, అడుగున మడిచిన కాగితం. పురుగు దొరికిన చెట్టు ఆకే రోజూ తాజాగా పెట్టాలి. మరో ఆకు చూపిస్తే చాలా పురుగులు ఆకలితో చస్తాయి గాని ముట్టవు. రోజూ పెంట తీసేయాలి, లేకపోతే బూజు పడుతుంది. తేదీ, చెట్టు పేరు, చోటు, చర్మం వదిలిన రోజు చీటీ మీద రాసి అక్కడే అంటించాలి. హాక్ మాత్‌ల వంటి మట్టిలోకి దిగేవాటికి రెండంగుళాల తడి ఇసుక, ఎండుటాకులు కావాలి. లైకెన్ తినేవాటిని పెంచడం కష్టం. బండ మీది పెచ్చు కోసి తేలేం, లైకెన్ పట్టిన ఎండు కొమ్మముక్కలు తెచ్చి రోజూ నీళ్ళు చిలకరిస్తూ ఉండాలి.

సగం సీసాల్లో మాత్‌కు బదులు ఈగలో, చిన్న కందిరీగలో వస్తాయి. పురుగు ఒంట్లో ముందే గుడ్లు పెట్టి పోయిన పరాన్నజీవులవి. పారేయకూడదు, అవీ నమోదే. మాత్ వస్తే సాధారణంగా రాత్రివేళ వస్తుంది. మొదట తడిసిన గుడ్డపేలికల్లా ఉన్న రెక్కలు గంటలోపు సాగి గట్టిపడతాయి. ఆ గంటలోనే వెనక రెక్క తేటగా కనిపిస్తుంది, ఒక్క పొలుసూ రాలి ఉండదు. పై రెక్క, వెనక రెక్క, కింది వైపు, మీసాలు తీసుకుని, తెల్లారకముందే పురుగు దొరికిన చెట్టు దగ్గరే వదిలేస్తే సరి. పొద్దెక్కాక వదిలితే గోడ మీది బల్లికో, తీగ మీది ఏట్రింతకో పోతుంది.